పెండ్లిచూపుల కన్ను

మా యింటి ముందుగదిలో, గుమ్మమున కెదురుగా నున్న గోడమీద, గడచిన వేసవినుండి యొక పటము వ్రేలాడుచున్నది. నడుమ తొమ్మిది దినములు మాత్రము అది బీరువా వెనుక, గోడవైపునకు మొగము త్రిప్పుకొని, సాలెపురుగులతో కాపురము చేసినది. ఆ తొమ్మిది దినముల కథయే యీ వ్యాసమునకు కారణము. పటమును దింపిన చేయి నాదే గనుక ముందు నన్ను నేను నిందించుకొని, పిమ్మట తక్కినవారి జోలికి పోయెదను. చదువరులు తమ పాలికి వచ్చిన నిందను మొగమాటము లేక స్వీకరింతురు గాక.

ఆ పటము అమృతా షేర్‌గిల్ అను చిత్రకారిణి 1935లో తైలవర్ణములతో వ్రాసిన "ముగ్గురు బాలికలు" అను చిత్రమునకు అచ్చుప్రతి. మా పెద్దమ్మాయి కైకలూరిలో నొక బ్యాంకున పని చేయుచున్నది. శిక్షణకై దిల్లీకి పోయినపుడు అచ్చటి జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో మూలచిత్రమును చూచి, దాని నకలు నొకదానిని సంపాదించి, చుట్టగా చుట్టి తెచ్చి, ఏలూరిలో అద్దము కట్టించి, నన్నడుగకయే మేకు కొట్టినది. ముగ్గురు పడుచులు దగ్గరదగ్గరగా కూర్చుండియున్నారు. చామనచాయ మొగములు, బట్టలు మాత్రము నిండురంగులవి. ఒక్కతెయు నవ్వుట లేదు. ఒక్కతెయు మనవైపు చూచుట లేదు. చేతులు పని లేక యొడిలో పడియున్నవి. వెనుక స్తంభము లేదు, పూలకుండ లేదు, చిలుక లేదు, చంద్రుడు లేడు. వారెవరో, దేనికై కనిపెట్టుకొనియున్నారో చిత్రకారిణి చెప్పదు.

"ఇందులో నీకేం కనబడిందమ్మా?" అని యడిగితిని. "రోజూ మా బస్సులో ఎక్కేవాళ్లే కదా నాన్నగారూ!" అన్నది. ఏలూరినుండి కైకలూరునకు పోవు బాట కొల్లేటి నడుమగా పోవును. ప్రొద్దు పొడువకముందే చేపలతట్టలతో నెక్కు స్త్రీలు, చెరువుగట్ల పనికి పోవు స్త్రీలు, తట్ట కాళ్లకడ పెట్టి, చోటు దొరకినంతనే చేతులొడిలో వేసికొని, కిటికీ వెలుపల నీటివైపు చూచియు చూడనట్లుందురు. దిగవలసిన చోటు వచ్చువఱకు నదే వారి విశ్రాంతి. వారిని జరుగుమనువారే గాని నవ్వుమనువారు లేరు. మా అమ్మాయి చెప్పినపిమ్మట నేనును ఒకటి రెండు మారులు పటమును నిలిచి చూచితిని. నచ్చినదని చెప్పజాలను, కాని కనులు మరల్చుకొనుట కష్టమైనది.

ఇంతలో తాడేపల్లిగూడెమునుండి యొక సంబంధము వచ్చినది. మంచి కుటుంబము. కట్నము మాట తలపెట్టలేదు. పిల్ల ఉద్యోగము మానవలదనిరి. సంస్కారము గల యిల్లని సంతసించితిమి. ఆ మాటను నే నిప్పటికిని కాదనను. చూపులు ఆదివారమనగా శుక్రవారము నాడు పిల్లవాని పెదనాన్నగారు మా యిల్లు చూచిపోవుటకు వచ్చిరి. కాఫీ త్రాగుచు ఎదుటి గోడ చూచి, గ్లాసు క్రింద పెట్టి, "ఇదేంటండి మాష్టారూ, శుభమా అని చూపులు పెట్టుకుని గుమ్మానికెదురుగా ఏడుపుమొహాల బొమ్మ పెట్టారు?" అనిరి. కోపముతో ననలేదు, నా మేలు కోరియే యనిరి. కాళిదాసును ఇంగ్లీషు కవులను ఇరువదియేండ్లుగా పిల్లలకు పాఠము చెప్పుచున్న నేను, "పిల్లది తెచ్చిందండి, తీసేస్తానండి" అంటిని. ఆ మాట నోటినుండి వెడలిన వేగము తలచుకొన్నపుడెల్ల నాకు సిగ్గగుచున్నది. వారు వీథి మలుపు తిరుగకమునుపే పటము దిగినది. ఆ మేకునకు బట్టలకొట్టువా రిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండరు తగిలినది.

చూపులైన రాత్రి మా అమ్మాయి ఆ క్యాలెండరువైపు చూచి, "దింపింది బొమ్మనేనా నాన్నగారూ?" అని మాత్రమడిగి లోనికి పోయినది.

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుచుండగా నాకు తోచిన దేమనగా, మనము పటములోని స్త్రీని చూచు కన్నును, చాపమీది కన్యను చూచు కన్నును ఒక్కటే. పెదనాన్నగారును, ఆ పటమును చూచి ఇంతకుముందు మా యింట మాట విసరిన బంధుమిత్రులును చెప్పిన తప్పులను కూడబెట్టి చూచితిని. నవ్వు లేదు. చాయ తక్కువ. మనవైపు చూడరు. అంగసౌష్ఠవము చాలదు. ఈ తప్పులలో చిత్రకళకు సంబంధించిన దేది? రంగు ప్రక్క రంగెట్లు నిలిచినది, మూడు తలల వంపులు ఒకదాని కొకటి యెట్లు బదులు పలుకుచున్నవి, వెనుక నేమియు లేకపోవుటచేత మొగములకు వచ్చిన బరువేమి యని యడిగినవారు లేరు. పటమును జూచి సంబంధము వద్దని చెప్పిపోయిరి, అంతియే.

మనము సంస్కర్తల సంతతివారము. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. 1929లో శారదా చట్టము, 1961లో కట్ననిషేధ చట్టము వచ్చినవి. పిల్లను నడిపించి చూచుట, పాట పాడించుట, జడ విప్పించి కొలుచుట మానితిమని మనకు గర్వము. ఆ పనులన్నియు ఇపుడు ఫొటో చేయుచున్నది గనుక మానితిమి గాని కన్ను మారి మానలేదు. మా అమ్మాయి ఫొటోను సంబంధములకు పంపుటకై యొక స్టూడియోలో తీయించితిని. తీసిన కుఱ్ఱవాడు తెరమీద చూపుచు "కొంచెం రంగు తేల్చమంటారా మాష్టారూ?" అనెను. నేను "కొంచెమే" అంటిని. మా బోటివారి సంస్కారమంతయు నీ "కొంచెమే" యను మాటలో నిమిడియున్నది. మీట నొక్కగానే పిల్ల కొల్లేటి యెండలో సంపాదించుకొన్న చాయ మాయమైనది. నుదుటిమీది చిన్ననాటి గాటు మాయమైనది. పెదవి చివర ఎన్నడు లేని వంపొకటి వచ్చి కూర్చున్నది. కన్నతండ్రి కాసులిచ్చి వ్రాయించిన చిత్తరు వది. దానిని చూచి యెవరును ముక్కు విరువలేదు. బాగున్నదనిరి. పరాయి చిత్రకారిణి యొక పిల్ల మొగమునుండి దేనిని చెఱిపివేయకుండ నుంచినది గనుక ఆమె పటము వికారము. సొంత తండ్రి సగము చెఱిపించెను గనుక ఆ ఫొటో ముచ్చట!

నా దింపుడును సమర్థించుటకు నా మిత్రులగు పండితులొకరు శాస్త్రమే తెచ్చిరి. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయఖండమున చిత్రసూత్రమను భాగ మొకటి కలదు. గృహములలో శృంగార హాస్య శాంతరసముల చిత్రములే యుండవలెననియు, యుద్ధము, శ్మశానము, మరణము, దుఃఖము, అమంగళము నింటిగోడలపై వ్రాయరాదనియు, తక్కిన రసములు రాజసభలకు దేవాలయములకు చెల్లుననియు అందున్నది. ఉన్నమాటయే, నేనును చదివితిని. కాని యీ పటమున శవ మున్నదా? చితి యున్నదా? ఒక్క కన్నీటిబొట్టైన నున్నదా? ముగ్గురు పడుచులు నవ్వక కూర్చుండిరి. నవ్వకుండుట దుఃఖమని చిత్రసూత్రము చెప్పలేదు, మనము చెప్పుచున్నాము.

ఇంతకును ఆ పండితులవారి యింటిలోనే, పూజగది గుమ్మముమీద, వారి తాతగారి పటమొకటి గలదు. మీసములు క్రిందికి వ్రాలి, కనుబొమలు ముడివడి, దండము పట్టిన చేతివ్రేళ్లు బిగిసి, ఆయన లోకముమీద వ్యాజ్యము వేసినట్లుండును. ఎనుబదియేండ్లనుండి నవ్వని ఆ మొగమునకు ప్రతి సంవత్సరము బొట్టు పెట్టి దండ వేయుచున్నారు. దానిని ఏడుపుమొగమని యెవ్వరు ననరు. అది గాంభీర్యము! పురుషుడు నవ్వకున్న గాంభీర్యము, స్త్రీ నవ్వకున్న నేడుపు. ఈ వ్యాకరణమును ఏ పాణిని చెప్పెనో మిత్రులు సెలవీయవలెను. వారు సెలవీయలేదు, తాతగారిని తడవితినని రెండు దినములు మాటలాడలేదు.

శాస్త్రమును విడిచి కావ్యమునకు వత్తము. మన సంస్కృత నాటకములలో స్త్రీ చిత్తరువు రంగస్థలమెక్కిన చోటులను తలచుకొనుడు. మాళవికాగ్నిమిత్రమున రాజు మాళవికను మొదట పటములోనే చూచును. చూచుటతోనే యెవతె యని యడుగును. తరువాత పిల్లను కన్నులార చూచి, చిత్రకారునికి శ్రద్ధ చాలలేదని తీర్పు చెప్పును. చక్కని పెండ్లిచూపులు! ఫొటోకును పిల్లకును పోలిక చూచు విద్య మనకు అగ్నిమిత్రునినాటిదే. కాని అదే కాళిదాసు శాకుంతలము ఆఱవ అంకమున వేఱొక త్రోవ చూపెను. తాను కాదని త్రోసిపుచ్చిన భార్యను దుష్యంతుడు పశ్చాత్తాపముతో చిత్రించి ముందు పెట్టుకొనును. చిత్రమైన సంగతి యేమనగా, ఆ పటమునను ముగ్గురు పడుచులే! విదూషకుడు వచ్చి, ముగ్గురును చక్కనివారే, వీరిలో శకుంతల యెవ్వతె యని తికమకపడును. రాజు నీవే చెప్పుమనగా, జుట్టుముడి వదలి పూలు జారినది, మొగమున చెమటబొట్లు పొడమినవి, చేతులు వ్రాలినవి, కొంచె మలసినట్లున్నది, ఆమెయే శకుంతల యని గుర్తుపట్టును.

ఈ ఘట్టమును ఎన్నిమారులో పాఠము చెప్పితిని. ఎన్నడును ఆగి యాలోచింపలేదు. కాళిదాసు తన నాయికను గుర్తించుటకు పెట్టిన యానవాలు నవ్వు కాదు, చాయ కాదు, అలసట. వ్రాలిన చేతులు. తిండిపోతని మనము నవ్వుకొను విదూషకునికి కనబడిన దేదో ఇరువదియేండ్ల పంతులుకు కనబడలేదు. దుష్యంతుడు సభలో నిలిచియున్న శకుంతలను గుర్తింపనివాడు. ఆమెను సరిగా చూచుట ఆమె పోయినపిమ్మట నేర్చినాడు. వ్రాయగలిగిన వాడైనను మొదట చూడలేకపోయినాడన్నది గదా ఆ నాటకమున నున్న నొప్పి.

పురుషులను పటములో చూచి యెంచుకొన్న స్త్రీ మనకు లేకపోలేదు. బాణాసురుని కూతురు ఉషకు ఆమె చెలికత్తె చిత్రలేఖ లోకమందలి రాకుమారులనందఱిని వరుసగా వ్రాసి చూపెను. ఆమె అనిరుద్ధుని దగ్గర ఆగెను. తక్కినవారి మొగములలో నవ్వు చాలలేదని ఆమె నిందించినట్లు భాగవతమున లేదు.

ఇక ఇంగ్లీషు చదివిన మిత్రుల మాట. వారు శాస్త్రము చెప్పరు, జాతీయత చెప్పుదురు. "ఆవిడ సగం విదేశీయురాలండి. పారిస్‌లో నేర్చింది. మన ఆడవాళ్ల సంగతి ఆవిడకేం తెలుసు?" షేర్‌గిల్ 1913లో బుడాపెస్టున పుట్టిన మాట నిజము. తల్లి హంగరీదేశపు గాయని. తండ్రి ఉమ్రావుసింగు పంజాబువాడు, సంస్కృత పారసీకములు చదివిన పండితుడు. ఆమె పారిస్‌లో విద్య నేర్చి 1934 చివర మన దేశమునకు తిరిగివచ్చినది. మఱి రవివర్మగారి నూనెరంగు లేదేశపువి? బొంబాయిలో 1894లో వెలసిన ఆయన ముద్రణాలయము తరువాత కొన్నది జర్మనుదేశస్థుడగు ష్లైషరు. ఆ యంత్రములమీద అచ్చుపడిన లక్ష్మి, సరస్వతి మన పూజగదులలో దిగిరి. వారి తెల్లని గుండ్రని మొగమే దేవతామొగమని తరతరములు నమ్మినవి. నేను రవివర్మను నిందించుట లేదు. గడప లోపలికి రాకూడనివారికిని దేవుని మొగము చూచు భాగ్యమును చవకవెలకు పంచిపెట్టినవాడాయన. కాని రంగు విదేశమైనను మొగము నచ్చినపుడు జాతీయము, మొగము నచ్చనపుడు విదేశీయము నగుట న్యాయము కాదు. నల్లని మొగమును దేశీయము కాదనుట మఱియు వింత. ద్రౌపదికి కృష్ణ యను పేరు చాయనుబట్టియే వచ్చినది. ఆమె స్వయంవరమునకు వచ్చిన రాజులలో రంగు తేల్చుమన్నవాడు లేడు.

నేను ఏటేట మా పాఠశాల పిల్లలను హైదరాబాదు విహారయాత్రకు తీసికొనిపోవుదును. సాలార్‌జంగ్ మ్యూజియమున పిల్లలందఱు గంట కొట్టు బొమ్మగడియారముకడ మూగుదురు. పెద్దలందఱు ముసుగు రెబెక్కా కడ. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగు 1876లో కొనెను. రెబెక్కా బైబిలులోని పెండ్లికూతురు; వరుడు కనబడగానే ముసుగు వేసికొన్నది. రాతిని పలుచని గుడ్డగా కనబఱచిన నేర్పునకు నేనును పదిమారులు నోరు తెఱచితిని. ప్రక్క నిలిచినవారు "ఎంత లక్షణంగా ఉందండీ!" అందురు. ముసుగు క్రింద ఆమె యేమనుకొనుచున్నదో అడుగవలెనని యెవరికిని తోచదు, తోచనక్కఱలేదు, ముసుగే చాలును.

1936–37లో షేర్‌గిల్ తన పటములను వెంటగొని దక్షిణదేశయాత్ర చేసెను. హైదరాబాదు వచ్చెను. మూడవ సాలార్‌జంగు మీర్ యూసఫ్ అలీఖానుగారు జీవితమంతయు కళావస్తువులు కొనుటయందే గడపిన మహాదాత. ఆయన ఆమె పటములను త్రిప్పి పంపివేసిరి. మైసూరు మహారాజుగారు ఆమె పటముల నొల్లక రవివర్మవే కొనిరి. ఆ యాత్రలోనే అజంతాగుహలు చూచి, కన్యాకుమారివఱకు పోయి, మన దక్షిణాది నలుపును కన్నుల నింపుకొని, 1937లో "పెండ్లికూతురి అలంకరణము" వ్రాసినది. పెండ్లికూతురు నడుమ కూర్చుండును, వెనుక నొకతె జుట్టు దువ్వుచుండును, ఎఱ్ఱని అరచేతులు. ఆమెయు నవ్వదు. అలంకరణమనగా గంటలకొలది కదలక కూర్చుండుట యని, పెండ్లికూతురైన ప్రతి స్త్రీకిని తెలిసిన సంగతినే వ్రాసినది. పాలరాతి వధువు ఓడయెక్కి రోమునుండి వచ్చి మేడలో నిలిచినది. ఈ దేశపు పిల్లలు వచ్చిన బండిలోనే తిరుగుముఖము పట్టిరి. నవాబుగారిని నేను తప్పుపట్టను. ఆయన సొమ్ము, ఆయన కన్ను. ఆయన కొన్న వస్తువులు ఇప్పుడు మా పిల్లలకు చదువు. కాని ముందుగదిలో కాఫీ చేతబట్టుకొని నేనును ఆయన చేసిన పనియే చేసితినే, నాకే మేడ యున్నదని?

షేర్‌గిల్ 1941 డిసెంబరులో లాహోరున, ఇరువదియెనిమిదవయేట మరణించినది. 1937లో ఆ మువ్వురి పటమునకు బొంబాయి ఆర్ట్ సొసైటీవారి బంగారుపతకము వచ్చినది. ఆమె వ్రాసిన మఱియొక పటము 2023లో వేలమున 61 కోట్ల 80 లక్షల రూపాయలకు పోయినది. ఈ లెక్క ఆ శుక్రవారమునాడు నా నోటికి వచ్చియున్న పెదనాన్నగారు గ్లాసు క్రింద పెట్టి పటమునకు నమస్కరించియుందురు. రాకపోవుటే మేలైనది. వెల చెప్పి తెచ్చుకొన్న గౌరవము కట్నము చెప్పి కుదుర్చుకొన్న సంబంధము వంటిదే.

మా గోదావరివారికి చిత్రకళయందు అభిరుచి లేదనుట అన్యాయము. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచికమువాతబడి, ఇరువదియెనిమిది నిండకయే పోయెను. ఆయన భార్య సత్యవాణమ్మగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు చిత్రకారిణులే. ఆంధ్రస్త్రీని దేవతను చేయక, వేశ్యను చేయక, కట్టు బొట్టు నడకలతో చూచినవాడాయన. రామారావు పేర గ్యాలరీ ఆ యూరనే యున్నది. ఏలూరినుండి పుష్కరములకు పోయినవారిలో దానిని చూచివచ్చిన వా రెందఱు? ఇక నరసాపురమున 1933లో పుట్టిన బాపుగారు. ఆయన గీతను ప్రేమింపని తెలుగువాడుండడు, నేనును ప్రేమింతును. కాని ఆ ప్రేమతో మనము చేసిన పని యేమి? చక్కని పిల్ల కనబడగానే "బాపు బొమ్మ" యంటిమి. అది పిల్లకు పొగడ్త, బాపుకు పొగడ్త యని మన తలంపు. ఒక మహానుభావుడు పెక్కండ్రు స్త్రీలను చూచి గీసిన గీతను గజముకఱ్ఱగా చేసి ఆ కఱ్ఱతో ఊరి పిల్లలను కొలుచుచున్నాము. కొలతకు రానివారిని బొమ్మలో కూడ సహింపలేకున్నాము.

నవ్వు విషయమున ఇంగ్లీషు కవి బ్రౌనింగు చేసిన మేలు చెప్పవలెను. 1842లో ప్రకటించిన "మై లాస్ట్ డచెస్" అను పద్యమున, ఒక ప్రభువు రెండవ సంబంధము మాటలాడ వచ్చినవానికి తన మొదటి భార్య చిత్తరువును తెఱ తీసి చూపును. ఆ యిల్లాలు చేసిన నేరము నవ్వుటయే. అందఱిని చూచి నవ్వుచున్నదని ఆయన కోపించెను, ఆజ్ఞ యిచ్చెను, నవ్వు లాగిపోయినవి. ఇప్పుడామె గోడమీద, తెఱ వెనుక, ఆయన యిష్టపడినపుడే నవ్వును. నవ్వుమనుటయు, నవ్వవలదనుటయు ఒకే యజమాని నోటి మాటలని ఈ పద్యమును పాఠము చెప్పినపుడెల్ల పిల్లలకు విప్పిచెప్పుదును. ఇంటికి వచ్చి పటము దింపుదును.

"గుమ్మమున కెదురుగా" నన్న యాక్షేపణ మొకటి మిగిలినది. ఫాల్గుణమాసమున కొల్లేటికోటకు ఎన్నివేలమంది పోవుదురో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. పెద్దింట్లమ్మవారు కన్నులు విశాలముగా తెఱచి వీరాసనమున కూర్చుండియుండును. ఆమె యెదుట బిడ్డలను నిలిపి మ్రొక్కుదుము. ఆ మొగమున చిఱునవ్వు వెదకి, కానక, శుభము కాదని వెనుదిరిగిన వాడొక్కడైన నున్నాడా? ఆమెను చూచునపుడు మన కన్ను వేఱు. ఆమె మనలను మెప్పింపవలసిన యవసరము లేదని మనకు తెలియును. ఆ తెలివిని గుడి వెలుపల చెప్పులతోపాటు తిరిగి తొడుగుకొనక, అచ్చటనే విడిచి వచ్చుచున్నాము.

ఈ పటమును గూర్చి మా యింట ఒక్క మాటయు నాడనిది నా భార్య. ఎక్కించినపుడు అద్దము తుడిచినది, దింపినపుడు ఊరకున్నది. తొమ్మిది దినములలో నొకనాడు నేను వంటగది గుమ్మమున నిలిచి, పండితులవారిమీద చెప్పిన జవాబునే ఆమెకును చెప్పుచుంటిని. ఆమె బెండకాయలు తరుగుచు, "మన చూపులు గుర్తున్నాయా?" అన్నది. ఇరువదియైదేండ్ల క్రిందట, తాడేపల్లిగూడెమునకు చేరువ నున్న యొక పల్లెలో, నేను కొత్తగా పట్టము పుచ్చుకొని, చాప కెదుట కుర్చీలో కూర్చుండి, "ఒక్కసారి తలెత్తి నవ్వమనండి" అని మధ్యవర్తితో చెప్పితిని. ఆమె తలయెత్తి నవ్వినది. అందఱు సంతోషించిరి. ఆ నవ్వును నేను స్నేహితులతో ఎన్నోమారులు చెప్పుకొంటిని. "ఆ రోజు నాకు జ్వరమండి. పొద్దుటినుంచి గంజి తప్ప ఏం తాగలేదు" అన్నది. "మరి చెప్పలేదేం?" అంటిని. "మీరడిగింది నవ్వమని కదండీ" అని బెండకాయలు కడుగుటకు లేచినది.

చూపులైన నాల్గవనాడు తాడేపల్లిగూడెమునుండి కబురు వచ్చినది. పిల్ల నచ్చినదట. విశాఖపట్టణములోని మేనత్తగారికి చూపుటకు "కాస్త నవ్వుతున్న ఫొటో" యొకటి పంపుమనిరి. స్టూడియోవాడు తేల్చిన ఫొటో సిద్ధముగానే యున్నది; అందులో పెదవి చివరి వంపును ఉన్నది. ఆదివారమునాడు మా అమ్మాయి తన సెల్లుఫోనులోని ఫొటోలు చూపుచు పోగా ఒకదానికడ ఆగితిమి. బ్యాంకున తోటిపనివారెవరో తీసినది. కొల్లేటి వంతెనమీద బస్సు చెడి ఆగినపుడు, తట్టలు దించుకొని నిలిచిన స్త్రీల నడుమ, ఎండకు కన్నులు చిట్లించి, సంచి భుజమున వేసికొని నిలిచియున్నది. నుదుటిమీద గాటు స్పష్టముగా కనబడుచున్నది. "ఇదా?" అన్నది. "ఇదే" అంటిని. దానినే పంపితిమి.

ఆ సాయంకాలము క్యాలెండరును పూజగదికి మార్చి, పటమును మరల మేకునకు తగిలించితిని. సాలెగూడు నా భార్య తుడిచినది. తాడేపల్లిగూడెమునుండి యింకను జాబు రాలేదు. పెదనాన్నగారు ఏదో కోర్టుపనిమీద ఎల్లుండి ఏలూరు వచ్చెదరనియు, వీలున్న మా యింటికిని వచ్చెదరనియు తెలిసినది. వచ్చినచో కుర్చీ ఆ గోడ కెదురుగానే వేయుదును.